జీపు దగ్గర ఆగిపోయే కథలు

1991లో స్టూవర్టుపురం పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి. ఒకదాని పేరులో పోలీస్ స్టేషన్, రెండోదాని పేరులో దొంగలు. ఎరుకలోళ్ల ఊరికి ఆ రెండే గుర్తులా? 1952 నాటికే దేశమంతా రద్దయిన నేరస్థ జాతుల చట్టం పోస్టర్ల మీద బతికే ఉంది. అదే ఏడాది ఆగస్టు 6న తెనాలి పక్కన చుండూరులో దళితుల్ని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. నరికినోళ్ల కులాన్ని ఎవరూ నేరస్థ జాతి అనలేదు.

మా అమ్మతో నాట్లేసిన ఎరుకల పిన్ని జైలు నుంచొస్తే బాపట్లలో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. రేపల్లెలో పెద్దమ్మ దగ్గర పెరిగిన కూతురు ‘అమ్మా’ అనడానికి ఏడాది పట్టింది. మా అమ్మ మాత్రం మర్నాడే పిలిచింది: ‘రావే, నాట్లకి పోదాం.’

టీచర్నయ్యాక ఏ కథ చదివినా ఆ పిలుపే వెతుక్కుంటున్నాను. అది లేని కథ జీపు దగ్గరే ఆగిపోయినట్టు.