మాండలిన్ శ్రీనివాస్: మనము విననొల్లని రికార్డులు

మన తెలుగువారికి సంగీతాభిమానము తక్కువయని యెవరును చెప్పజాలరు. హైదరాబాదు చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ పేరే యందుకు సాక్ష్యము. ఆ ప్రాంతమునను, నారాయణగూడ, అశోక్‌నగర్‌లయందును బిడ్డలకు సంగీతము చెప్పించుట గౌరవముగా నెంచు గృహములు గలవు. ఇట్టి గృహములలో ఉప్పలపు శ్రీనివాస్ పేరు చెప్పినంతనే త్యాగరాజ కృతులు స్మరణకు వచ్చును. కాని యాతడు పాశ్చాత్య విద్వాంసులతో గూడి వాయించిన రికార్డులను వినువారు అరుదు. విన్నవారిలో కొందరు వానిని మహావిద్వాంసుని కాలక్షేపముగా నెంచి త్రోసివేయుదురు. ఈ తీర్పు న్యాయమైనది కాదని మా యభిప్రాయము.

శ్రీనివాస్ 1969లో పాలకొల్లున జన్మించెను. గురువగు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయింప నెరుగరు. ఆయన పాడుచుండగా శిష్యుడు విని తీగెలపై పలికించెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున తొలి కచేరి జరిగెను. మాండలిన్‌కు సహజముగా నుండు జంట తీగెలు గమకమున కనుకూలింపవు. అందుచే నాతడు అయిదు ఒంటి తీగెలతో విద్యుద్వాద్యమును సిద్ధపరచుకొనెను. విదేశవాద్యము కర్ణాటక సంగీతమునకు తగదని యాక్షేపించిన వారుండిరి. వారి ప్రక్కనే విదేశమునుండి వచ్చిన వయొలిన్ నిశ్చింతగా మ్రోగుచుండెను! తుదకు మాండలిన్‌ను మనము మన్నించితిమి. జాజ్‌తో దాని స్నేహమును మాత్రము మన్నింపలేకున్నాము. ఆ స్నేహమో చిరకాలపుది. 1983లోనే పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున నీ బాలుడు వాయించెను.

జాజ్ యనగా నాట్యశాలల యల్లరి యని తలచుట అజ్ఞానము. అమెరికాలో బానిసత్వమును, దాని వెనుక నవమానమును భరించిన నల్లజాతివారి హృదయమునుండి పుట్టిన విద్య యది. ఒక చిన్న వరుసను గైకొని అప్పటికప్పుడు మనోధర్మముచే విస్తరించుట దాని ప్రాణము. కల్పనస్వరములు విని తలయూచు మనకు ఇది పరాయి సొత్తెట్లగును?

1969లో మైల్స్ డేవిస్ రికార్డులలో గిటారు వాయించిన ఇంగ్లీషు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తన ‘రిమెంబర్ శక్తి’ బృందమున శ్రీనివాస్‌ను చేర్చుకొనెను. 2000లో వెలువడిన ‘ది బిలీవర్’ వినదగినది. అందు జాకీర్ హుస్సేన్ తబలాయు, సెల్వగణేశ్ కంజిరయు తోడుగా గిటారు ప్రశ్నింపగా మాండలిన్ బదులు చెప్పును. ‘లోటస్ ఫీట్’ మెక్‌లాఫ్లిన్ రచించిన వరుస. దానిని శ్రీనివాస్ తొందరలేక, స్వరమును మెల్లగా వంచి పలికించు తీరు వినుడు. పాలకొల్లు బాలుడు నేర్చిన గమకమే యది, ఎక్కడను చెడలేదు.

అన్నియు నుత్తమములని మేము చెప్పము. ఆ బృందము వాయించిన కొన్ని తావుల వేగము విద్యాప్రదర్శనముగా మారి, చప్పట్ల కెదురుచూచినట్లు తోచును. కెనడా గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో 1995లో చేసిన ‘డ్రీమ్’ నందు యంత్రధ్వనుల పొగమంచు తరచుగా మాండలిన్‌ను గప్పివేయును; రాగము మొగ్గగనే నిలిచిపోవును. అయినను, విని దోషమెంచుట విమర్శ. వినకయే నిషేధించుట దురాచారము.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న నలుబదియైదేండ్లకే మరణించెను. ఇక నాతడు క్రొత్తగా వాయింపడు. మిగిలిన వానిని వినుటయే మన పని. అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయమున పుస్తకములతోపాటు ఇట్టి రికార్డులకును చోటుండవలెను. గానసభలలో నెలకొక సాయంకాలము వీనిని వినిపించి చర్చింపవలెను. అంతవరకు తలిదండ్రులు ఇంటియందే యారంభింపవచ్చును. వీణయో వయొలినో నేర్చు మీ కుమార్తె పరదేశపు వరుస నొకదానిని పలికింపగోరినచో “శ్రుతి చెడును” అని గద్దింపకుడు. గురువు పాడినదెల్ల చెవిపెట్టి విన్నందుననే శ్రీనివాస్ విద్వాంసుడాయెను. ఆ చెవులను మన బిడ్డలకు మూయకుందము.