నోటిమాట నుంచి తీర్మానం దాకా

ఊరి ఇబ్బందిని అధికారుల దృష్టికి తీసుకెళ్లాలంటే, అది ఎవరి పరిధిలోదో ముందు తేలాలి. వీధి దీపం వెలగకపోతే పంచాయతీ చూడాలి. ఆ దీపం ఉన్న స్తంభమే ఒరిగితే విద్యుత్ పంపిణీ సంస్థ చూడాలి; దానికి 1912కు ఫోన్ చేయాలి, లేదా లైన్‌మన్‌కు చెప్పాలి. వీధిలో సీసీ రోడ్డు పంచాయతీదే అయినా, ఊరి మీదుగా పోయే తారు రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదో, రోడ్లు భవనాల శాఖదో అయివుంటుంది. కాలువ పూడిక తీయించడం, చెత్త ఎత్తించడం, బ్లీచింగ్ చల్లించడం, మంచినీళ్ల ట్యాంకు కడిగించడం పంచాయతీ బాధ్యతలు. పొలం సర్వే, పాస్‌బుక్‌లో తప్పుల దిద్దుబాటు రెవెన్యూ వాళ్ల పని. ఈ పంపకాలన్నీ జనానికి తెలియకపోవడం వాళ్ల తప్పేమీ కాదు. అయితే తెలుసుకోకుండా బయలుదేరితే ‘ఇది మా పని కాదు’ అనిపించుకోవడంతోనే నెల గడిచిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఈ తిప్పలు కొంత తగ్గించాయి. సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన ఈ కార్యాలయాల్లో పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో), సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, ఏఎన్ఎం వంటివాళ్లు ఒకే కప్పు కింద ఉంటారు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశాక ఊరి మాటలు ఎక్కువగా పంచాయతీ కార్యదర్శి చెవినే పడుతూ వచ్చాయి. అక్కడ 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అంతకుముందు చేతిపంపు చెడిపోయినా పక్క ఊరి సర్పంచ్ ఇంటిదాకా నడవాల్సి వచ్చిన తండాలకు ఇది చిన్న మార్పు కాదు. రెండు రాష్ట్రాల్లోనూ జనం తరచూ మరిచిపోయేది వార్డు సభ్యుణ్ణి. ఆ వీధి ఓట్లతో గెలిచి, ఆ వీధిలోనే ఉండే మనిషి అతనే. పంచాయతీ సమావేశంలో కూర్చుని అడిగే హక్కు కూడా అతనికుంది. అర్జీ అతని సంతకంతో మొదలైతే మంచిది.

అర్జీకి తెల్లకాగితం చాలు. తెలుగులోనే రాయొచ్చు, 1966 అధికార భాషా చట్టం ప్రకారం తెలుగు అధికార భాషే. రాసే తీరులోనే సగం పని ఉంది. ‘మా వీధిలో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు’ అని రాస్తే కార్యదర్శి చేయగలిగింది దాన్ని ఫైల్లో పెట్టడమే. అదే సంగతిని ఇలా రాయొచ్చు: ‘3వ వార్డులో గుడి దగ్గర నుంచి చేతిపంపు దాకా సైడుకాలువ జూన్ నుంచి పూడిపోయి ఉంది. మురుగు చేతిపంపు చప్టా చుట్టూ నిలుస్తోంది. పూడిక తీయించి, చేతిపంపు నీటికి పరీక్ష చేయించాలి.’ ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం ఇబ్బంది, ఏం చేయాలి అన్న నాలుగూ అందులో ఉన్నాయి. ఒక కాగితంలో ఒకే సమస్య ఉండాలి. కాలువ, పింఛను, రేషన్ కార్డు మూడూ కలిపి రాస్తే ఆ కాగితం మూడు శాఖల మధ్య ఆగిపోతుంది. కింద పదిమంది సంతకాలో, వేలిముద్రలో ఉండాలి. నీళ్ల సంగతైతే బిందె మోసే ఆడవాళ్ల సంతకాలే ముందుండాలి. ఆ కష్టం తెలిసింది వాళ్లకే, అయినా అర్జీల్లో వాళ్ల పేర్లు అరుదుగా కనిపిస్తాయి.

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. ఈ ఒక్కటీ అడగడానికే చాలామంది మొహమాటపడతారు. సెక్రెటరీగారు మనవాడే, చూస్తానన్నాడు కదా అనుకుంటారు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ బదిలీ అయితే నోటిమాట ఆయనతోపాటే వెళ్లిపోతుంది. కాగితం మాత్రం కొత్తగా వచ్చినవాళ్లకూ కనిపిస్తుంది.

కాగితం కన్నా బలమైంది గ్రామసభ తీర్మానం. 1992లో ఆమోదం పొంది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఎవరూ పిలవాల్సిన పని లేదు. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి సభ జరపమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. కానీ చాలా ఊళ్లలో సభ అంటే మామూలుగా జరిగేది వేరు. చాటింపు సరిగ్గా వినపడదు. నాట్ల రోజుల్లోనో, ఉపాధి హామీ పని వేళల్లోనో సభ పెడతారు. కుర్చీల్లో పెద్దమనుషులు, వెనక గోడవారగా ఆడవాళ్లు, ఆ వెనక కాలనీవాళ్లు ఉంటారు. అధికారుల ప్రసంగాలయ్యాక రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. ఏం తీర్మానించారో సంతకం పెట్టినవాళ్లకే తెలియదు. రాజ్యాంగం ఇచ్చిన సభను ఇంత తేలిగ్గా పోగొట్టుకోవడం బాధాకరమైన సంగతి. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు నోరు విప్పే వీలు లేకుండానే తిరిగి వెళ్తున్నారు.

దీనికి విరుగుడు సభ ముగిసేలోపే ఉంది. అర్జీని ముందురోజే కార్యదర్శికి ఇచ్చి ఎజెండాలో చేర్చమనాలి. సభలో ఒకరు లేచి అర్జీ చదవాలి, మిగతావాళ్లు బలపరచాలి. ‘చూద్దాం’ అన్న జవాబుతో కూర్చోకుండా మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రాసింది పైకి చదివించుకుని, తీర్మానం నంబరు తీసుకున్నాకే సంతకం పెట్టాలి. డబ్బు లేదన్న జవాబు వస్తే దానికీ సమాధానముంది. 2021-22 నుంచి 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది షరతు. ఏ పనికి ఎంత పెట్టారో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీల వారీగా కనిపిస్తుంది. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఆ వివరాలు తీసి సభలో చదివితే చర్చ నడిచే తీరే వేరుగా ఉంటుంది.

అడగడానికి భయమూ అడ్డుపడుతుంది. సంతకం పెడితే పింఛను ఆగుతుందేమో, ఇల్లు మంజూరు కాదేమో అని పేదవాళ్లు వెనకాడతారు. ఆ భయం ఊహ కాదు కాబట్టే ఒంటరి అర్జీ కన్నా వీధంతా కలిసి ఇచ్చేది మేలు. ఇటువైపు కార్యదర్శుల ఇబ్బందీ నిజమే. కొందరు రెండేసి ఊళ్లకు ఇన్‌ఛార్జిగా ఉంటారు, బిల్లులు ఖజానాలో నిలిచిపోతాయి. పేరు పెట్టి నిందించే అర్జీ కన్నా పని పేరుతో అడిగే అర్జీకే అక్కడ కదలిక ఎక్కువ.

పంచాయతీలో కదలకపోతే పైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో), జిల్లా పంచాయతీ అధికారి, కలెక్టరు ఉన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. చాలామంది బస్సెక్కి నేరుగా అక్కడికే వెళ్తారు. కలెక్టరుకిచ్చిన అర్జీ మెట్టు మెట్టుగా దిగి చివరికి అదే కార్యదర్శి టేబుల్ మీదికి వస్తుందన్నది వాళ్లకు తెలియదు. పాత అర్జీ ముద్ర ప్రతి, తీర్మానం నంబరు జతచేస్తే మాత్రం కలెక్టరేట్‌లో అడిగే ప్రశ్న మారిపోతుంది. సమస్య ఉందా అని కాకుండా, ఇన్నాళ్లు ఎందుకు ఆగిందని అడుగుతారు.

జవాబే రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ‘మా పని ఎందుకు చేయలేదు’ అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇప్పించేది రికార్డులను. ఫలానా తేదీ అర్జీ మీద తీసుకున్న చర్య నకలు, తీర్మానం నకలు, పని అంచనా, కొలతల పుస్తకంలోని పేజీల నకలు అడగాలి.

పని జరిగిందన్నప్పుడు ఆ కొలతలు చేతపట్టుకుని కాలువ వెంట నడిచి చూసుకోవాలి. అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు సందేశం వచ్చినా కాలువ అలాగే ఉంటే, కలెక్టరేట్‌లో ఇచ్చిన రసీదు నంబరుతోనే అర్జీని మళ్లీ తెరిపించాలి. ఫొటో జతచేసి, పని కాలేదని రాసివ్వాలి, దాని మీద కూడా తేదీ, ముద్ర వేయించుకోవాలి.