అడుగక మునుపే

వ్యాధి ముదిరి మంచము పట్టినవారి యిండ్లకు పోయి సేవ చేయు వృత్తిలో నుండుటచేత, నొప్పిని గూర్చి నోరు మెదపని వారు సైతము "ఒకరిచేత చేయించుకునే రాత పట్టింది నాకు" అని వాపోవుట నేను నిత్యము వినుచున్నాను. అనాయాస మరణమును, దైన్యము లేని బ్రతుకును దేవుని వేడుకొనుచు పెరిగిన మనకు ఈ భయము ఆరోగ్యముగా నున్ననాడే అంకురించి యుండును.

తెనాలి చేరువ నొక పల్లెలో, క్యాన్సరుతో మంచమున నున్న యొక వృద్ధురాలు మార్ఫిను మాత్రను రెండు చెంచాల నీటితో మ్రింగి గ్లాసును ప్రక్కకు నెట్టుట చూచితిని. పెదవులు పగిలి యున్నవి. కోడలు వంటయింటిలోనికి పోయిన పిదప నా చేయి పట్టుకొని, "నీళ్లు తాగితే రాత్రి ఒంటికి లేపాలమ్మా. పగలంతా చాకిరీ చేసే పిల్ల, ఆ కాసేపన్నా పడుకోనీ" అనెను. మార్ఫిను సహజముగనే మలబద్ధమును కలిగించు మందు. నీరు తగ్గిన కొలది అది బిగియును, మూత్రమున మంట పుట్టును, జ్వరమును రావచ్చును. కోడలి నిద్రకై చేసిన యా త్యాగమే కోడలికే నిద్ర లేకుండ జేయును.

"నువ్వు మాకు బరువా?" అని బంధువులు ప్రేమతోనే యందురు. కాని రెండు గంటల కొకమారు తనను ప్రక్కకు తిప్పు కోడలి కన్నుల క్రింది నలుపును, వైద్యమునకై తాకట్టు పడిన పొలమును ఎరిగిన రోగి ఆ మాట నెట్లు నమ్మును? శ్రమ యున్నది. దాని నొప్పుకొని, రోగి నోరు తెరచి యాచింపవలసిన యవసరమును తప్పించుటయే ఈ సేవలో ప్రధానమని నా విశ్వాసము. నీరు కావలెనా యని యడిగినచో వద్దనియే యనును. వేళకు గ్లాసు నోటి కందించినచో త్రాగును. బెడ్‌పాన్ పిలువక మునుపే పెట్టవలెను. పెట్టునప్పుడు నిట్టూర్పు విడువరాదు, ఏలయన రోగి మన ముఖమునే చూచుచుండును.

అయితే సర్వమును ఒక్క కోడలి నడుముపై బడినప్పుడు ఎంతటి ప్రేమయు చాలదు. ఆ భారమును పంచుకొను త్రోవ కేరళ చూపినది. 1993లో కోళికోడులో వెలసిన, రోగి బాధను తగ్గించు పాలియేటివ్ సేవాసంఘపు కృషి నుండి కాలక్రమమున ఇరుగుపొరుగు వారే శిక్షణ పొంది రోగుల యిండ్లకు పోవు పద్ధతి పెంపొందెను. 2008లో కేరళ ప్రభుత్వము ఈ సేవకై ప్రత్యేక విధానమునే ప్రకటించెను. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను పాలియేటివ్ విభాగము గలదు గాని, పల్లె మంచము దాక అది యెట్లు రాగలదు? ఊరికి నలుగురు ఈ పని నేర్చి, వంతులవారీగా రాత్రులు తోడుండుట కొప్పుకొన్నచో కోడలు నిద్రించును, అత్తగారు దాహము తీర నీరు త్రాగును.