డాక్యుమెంటరీని ఏ కొలతతో కొలుద్దాం?

డాక్యుమెంటరీ చిత్రాల గురించి మన మిత్రులు మాట్లాడేటప్పుడు తరచు ఒక మాట వినపడుతుంది: "రాజకీయం సరిగా ఉంది, కాబట్టి మంచి చిత్రం." ఆ రాజకీయం గిట్టనివారు ఇదే మాటను తిరగేసి చెడ్డ చిత్రం అంటారు. రెండు పక్షాలూ చెప్పేది అభిప్రాయమే. అభిప్రాయం ఉండడం తప్పు కాదు. అది లేని విమర్శ ఉప్పు లేని పప్పు. కానీ అక్కడే ఆగిపోతే అది విమర్శ అనిపించుకోదు. వస్తువు మంచిదైనంత మాత్రాన కథ మంచిది కాజాలదని, వస్తువునూ రూపాన్నీ విడదీయరాదని కథ విషయంలో, కవిత విషయంలో మనం ఎన్నో చర్చలు చేశాం. డాక్యుమెంటరీ దగ్గరికి వచ్చేసరికి ఆ చర్చలన్నీ మరచిపోతున్నాం. ఉన్నది ఉన్నట్టు చూపేదానికి రూపమేమిటి అనుకుంటున్నాం.

ఉన్నది దానంతట అది కెమెరాలో పడదు. ఎవరిని మాట్లాడించాలి, ఎవరి మాట ఎక్కడ కోయాలి, ఏ ముఖం మీద ఎంతసేపు నిలవాలి అన్నవన్నీ ఎవరో ఒకరు చేసే నిర్ణయాలే. నేను బడిలో తెలుగు చెప్పుకునేవాణ్ణి, సినిమా శాస్త్రం చదివినవాణ్ణి కాను. వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఎవరిది అని అడగడం నా వృత్తి. ఆ ప్రశ్ననే డాక్యుమెంటరీకీ వేయాలని నా వాదన. రాజకీయాల నుంచి, ఆటల నుంచి, పాట నుంచి ఉదాహరణలు తీసుకుంటాను.

2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని వేసిన నామినేషన్లవి. ఇంతమంది పేర్లు పట్టడానికి ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. దేశమంతా దాన్ని వింతగా చూసింది. ఆ వార్తల్లో కర్త యంత్రం. రైతు ఒక అంకె మాత్రమే.

భీమ్‌గల్, ఆర్మూర్ ప్రాంతంలో పసుపు వేసేవారికి ఆ అంకె వెనుక ఏముందో తెలుసు. ఎనిమిది, తొమ్మిది నెలలు పంట భూమిలో ఉంటుంది. తవ్విన తర్వాత కొమ్మును ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, మెరుగు పట్టించాలి. ఇన్ని చేతులు మారిన సరుకుకు మార్కెట్ యార్డులో ఒక్క పూటలో ధర తేలిపోతుంది. ఆ నెలలు చూపకుండా నామినేషన్ ఒక్కటే చూపితే అది తమాషాగానే కనిపిస్తుంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. వార్తకు అక్కడితో కథ ముగిసింది. డాక్యుమెంటరీకి అక్కడే మొదలు కావచ్చు: బోర్డు వచ్చిన తర్వాత యార్డులో ధర చెప్పే గొంతు ఎవరిది?

ఇటువంటి ప్రశ్నను పట్టుకుని తీసినవాళ్లు మన తెలంగాణలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, వ్యవసాయ పనులు చేసుకునేవాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ రైతుల బీటీ పత్తి సాగును వెంబడించి చిత్రాలు తీశారు. తీసినవారు దళిత స్త్రీలు గనుక గొప్ప చిత్రాలు అంటే మళ్లీ అభిప్రాయం దగ్గరే ఆగినట్టు. గమనించవలసింది వాటి నిర్మాణం. మూడేళ్ల సాగును వెంబడించారు. కంపెనీ మాటనూ రైతు మాటనూ పక్కపక్కన పెట్టి తూకం వేయడం కాదు. కంపెనీ మాటను పంటతోనే తూచారు. కలుపు తీసిన చెయ్యి అడిగే ప్రశ్న వేరు, దానికి రైతు ఇచ్చే జవాబూ వేరు. ఇక్కడ వ్యవసాయ కాలమే కథా నిర్మాణమైంది. రూపం అంటే ఇదీ.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో దళిత స్త్రీలు నడిపే "ఖబర్ లహరియా" పత్రిక మీద 2021లో "రైటింగ్ విత్ ఫైర్" అనే చిత్రం వచ్చింది. సానుభూతితో తీసిన చిత్రం, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 2022 మార్చిలో ఆ పత్రిక బృందమే ఒక ప్రకటన చేసింది: చిత్రం కదిలించేదే గాని, తమ పత్రిక ఒక్క పార్టీ మీదనే దృష్టి పెట్టినట్టు చూపడం సరికాదని. చిత్రం పక్షం మనకు నచ్చవచ్చు. కానీ ఎవరి గురించి తీశారో వారే అది పూర్తి సత్యం కాదంటే, మన చప్పట్లు ఎవరికోసం? చిత్రితమైనవారికి జవాబు చెప్పే హక్కు ఉందని ఒప్పుకోవడం డాక్యుమెంటరీ విమర్శకు మొదటి మెట్టు.

ఆటల విషయం చూద్దాం. భీమ్‌గల్‌కు దగ్గరలోని సిరికొండ మండలం పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. టిబెట్ వైపు నుంచి ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. 2017లో ఆమె కథ హిందీ సినిమాగా వచ్చింది. ఆ విజయం చిన్నది కాదు. అయితే అదే ఏడాది ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ వైపున, మంచు విరిగిపడి పర్వతారోహణ పనిలో ఉన్న పదహారు మంది చనిపోయారు. జెన్నిఫర్ పీడమ్ "షెర్పా" (2015) చిత్రం ఆ సంఘటన మీదనే నిలుస్తుంది. ఇతరుల బరువు మోసేవాళ్లు ఇక ఎక్కబోమని కూర్చున్న రోజులు అందులో ఉన్నాయి. విజయగాథ "ఎవరు చేరారు" అని అడుగుతుంది. ఈ చిత్రం "ఎవరు మోశారు" అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్న పూర్ణ విజయాన్ని తగ్గించదు. ఆటలో దాగిన శ్రమను బయటపెడుతుంది.

మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలోనే ఓడింది. గెలిచిన రోజు వెయ్యి కెమెరాలుంటాయి. ఓడిన మరునాడు కూడా కెమెరా ఉంచగలిగినవారే డాక్యుమెంటరీ తీయగలరు.

ఇక సంగీతం. చాలా డాక్యుమెంటరీల్లో నన్ను ఇబ్బంది పెట్టేది నేపథ్య సంగీతమే. పేదవాని ముఖం కనిపించగానే ఒక వేణువు, పోలీసు కనిపించగానే ఒక డప్పు. ఇది ప్రేక్షకుణ్ణి నమ్మకపోవడం. కవితలో "అయ్యో" అని ముందే రాసి పెట్టడం వంటిది. ఆనంద్ పట్వర్ధన్ "జై భీమ్ కామ్రేడ్" (2011)లో పాట అలా వాడుకున్నది కాదు. 1997 జూలైలో ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పులు పదిమందిని బలిగొన్నాయి. ఆ తర్వాత కొద్దిరోజులకే దళిత గాయకుడు విలాస్ ఘోగ్రే ఆత్మహత్య చేసుకున్నాడు. పద్నాలుగేళ్లు తీసిన ఈ చిత్రంలో పాటే సాక్ష్యం, పాటే వాదన. "మా భూమి" (1979) కథాచిత్రమే అయినా, అందులో గద్దర్ కనిపించి పాడుతున్నప్పుడు మనకు కలిగే నమ్మకం ఇటువంటిదే. పాటకు మనిషి ఉన్నాడు, ఊరు ఉంది, చరిత్ర ఉంది.

రూపం గురించి ఇంతగా మాట్లాడితే రూపవాదంలో పడతామని కొందరు మిత్రులు అనవచ్చు. కర్త ఎవరని అడగడం రూపవాదం కాదు. శ్రమ ఎవరిది, గొంతు ఎవరిది, కోత కోసే చెయ్యి ఎవరిది అన్నది రాజకీయాల్లోకెల్లా పాత ప్రశ్న. దాన్ని వదిలేస్తే మన పక్షం తీసిన అబద్ధాన్నీ మనం మెచ్చుకుంటాం. అవతలి పక్షం చేసేదీ అదే.

కనుక నా సూచన ఒక్కటే. కథాసంపుటాన్ని సమీక్షించినట్టే డాక్యుమెంటరీని కూడా మన పత్రికల్లో సమీక్షించాలి. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు దాన్ని తమ విషయంగా తీసుకోవాలి. సమీక్షించేవారు మొదట రాయవలసింది తమకు నచ్చిందా లేదా అన్నది కాదు. ఈ చిత్రంలో ఎవరు మాట్లాడారు, ఎంతకాలం విన్నారు, విన్నవారికి వారు తిరిగి ఏమన్నారు అన్నది. అది రాసిన తర్వాత చెప్పే అభిప్రాయానికి బరువుంటుంది.