ఎవరన్నారట?

నేను రాసిన మొదటి రిపోర్టు తిరిగి నా బల్ల మీదికి వచ్చేసరికి, అంచుల్లో పదకొండు చోట్ల పెన్సిల్‌తో ఒకే మాట ఉంది: ‘కీ?’ మా పై అధికారిణి మాతృభాష ఫ్రెంచి. ఆ మాటకి ‘ఎవరు?’ అని అర్థం.

2017లో జెనీవాలో ఒక అంతర్ ప్రభుత్వ సంస్థలో, వాణిజ్య విధానాల విభాగంలో ఇంటర్న్‌గా చేరాను. చేరేముందు ఊళ్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. దేశాల మధ్య ఒప్పందాలు నా కళ్ల ముందే కుదురుతాయనీ, ఏదో ఒక మూల నా చెయ్యి కూడా పడుతుందనీ అనుకున్నాను. తీరా వెళ్తే పని ఒక్కటే. మీటింగులో కూర్చోవాలి, వినాలి, సాయంత్రానికి రెండు పేజీలు రాసివ్వాలి.

మా సంస్థకి ప్రపంచ వాణిజ్య సంస్థలోని ఒక కమిటీలో పరిశీలక హోదా ఉండేది. వెనక వరసలో కూర్చుని వినొచ్చు. సరస్సు ఒడ్డున ఉన్న ఆ భవనం 1926లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం కట్టింది. 1977లో, ప్రపంచ వాణిజ్య సంస్థకి ముందున్న గాట్ కార్యాలయం అందులోకి వచ్చాక, కూలీల బొమ్మలున్న గోడచిత్రాల్ని కప్పేశారు. చాన్నాళ్లకి గాని అవి మళ్లీ వెలుగు చూడలేదు. సరుకు గురించి మాట్లాడుకునే చోట ఆ సరుకు చేసేవాళ్ల బొమ్మలు ఎవరికి అడ్డమొచ్చాయో!

నేను వెళ్లింది ఎస్‌పీఎస్ కమిటీకి. తిండి భద్రత, పశువుల జబ్బులు, పంట తెగుళ్ల పేరుతో ఒక దేశం పెట్టే నిబంధన ఇంకో దేశం సరుకుని ఆపేస్తే, ఆ పంచాయితీ అక్కడికి వస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అందులో ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్. గంటలకొద్దీ అంకెలు. నిద్ర ఆపుకోడం కూడా ఈ విద్యలో భాగమేనని తొందరగానే తెలిసింది. ఆ రోజు మాత్రం ‘ట్రైసైక్లజోల్’ అన్న మాట చెవిన పడగానే నిటారుగా కూర్చున్నాను.

మా ఇంట్లో అది రోజువారీ మాట. నాన్న బాపట్ల దగ్గర సాంబమసూరి వేస్తారు. తినడానికి దానంత మంచి బియ్యం లేదు గాని, అగ్గి తెగులుకి దానంత తొందరగా లొంగే రకమూ లేదు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ కనపడితే చాలు, లీటరు నీళ్లకి 0.6 గ్రాముల లెక్కన ట్రైసైక్లజోల్ కలిపి కొట్టాల్సిందే. చిన్నప్పుడు ఆ లెక్క నోటికి వచ్చేది.

ఆ మందు అవశేషాలు బియ్యంలో కిలోకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న పరిమితిని యూరోపియన్ యూనియన్ 0.01కి దించింది. అంటే టన్ను బియ్యానికి ఒక గ్రాము అన్నచోట, ఇక నుంచి వంద టన్నులకి ఒక గ్రాము. బాస్మతికి మాత్రం 2017 చివరి దాకా గడువు. ఆ గడువు చాలదని భారత్ పట్టు. మందు ప్రమాదం లేనిదని తేల్చడానికి తగినంత సమాచారం లేదని అవతలివాళ్ల జవాబు.

నేను రిపోర్టులో ఏం రాశానంటే, ‘కొత్త పరిమితి వల్ల భారత బాస్మతి ఎగుమతులు దెబ్బతింటాయి’ అని. కింద పేరాలో, ‘ఈ మందు సురక్షితమనడానికి ఆధారాలు చాలవు’ అని.

“ఈ రెండూ మీ అభిప్రాయాలా?” అని అడిగారు మా పై అధికారిణి.

“కాదండీ.”

“మరి ఎవరివి?”

పన్నెండో ‘కీ’ నోటితోనే పడింది. వాదించుకున్న రెండు పక్షాల మాటల్నీ నేనే తీర్పిచ్చినట్టు రాసేశాను.

తెలుగులో అయితే ‘దెబ్బతింటాయట’ అనేస్తే సరిపోయేది. ఒక్క ‘ట’ తగిలించి పక్కకి తప్పుకునేదాన్ని. ఇంగ్లీషుకి ఆ వెసులుబాటు లేదు. అందుకే అక్కడి మినిట్స్‌లో పేరా పేరాకీ ‘భారత ప్రతినిధి అన్నారు’, ‘ప్రతినిధి గుర్తుచేశారు’, ‘ప్రతినిధి మళ్లీ కోరారు’ అని ఉంటుంది. చదవడానికి చప్పగా ఉండే ఆ వరసని నేను మొదట వెక్కిరించాను. తర్వాత మన ‘అట’ మీదే అనుమానం మొదలైంది. అది రాసేవాణ్ణి కాపాడుతుంది గాని, అన్నవాణ్ణి చూపించదు. పైగా దానికి కాస్త వెటకారం అంటుకుని ఉంటుంది. ‘పెద్ద ఆఫీసరట!’ అన్నప్పుడు వినపడేది అదే.

ఆ వారమే నోట్‌బుక్ పేజీని నిలువునా గీత గీసి రెండు చేశాను. ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఏమన్నారు. ఎడమ పక్క ఖాళీగా ఉంటే కుడి పక్కది రిపోర్టులోకి ఎక్కదు. చర్చ చివర్లో ‘కమిటీ గమనంలోకి తీసుకుంది’ అని వస్తుంది. అది ఒప్పుకోడమూ కాదు, కాదనడమూ కాదు. పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివాళ్లు గుమ్మంలో అనే ‘చూద్దాం లెండి’ లాంటిది. దాన్ని ‘అంగీకరించింది’ అని రాసిన ఇంటర్న్‌ని ఎవరూ తిట్టరు, మర్నాడు ఇంకొకర్ని పంపిస్తారు.

అసలు ఆ కుర్చీ దాకా ఎవరు రాగలరన్నది వేరే కథ. 2015లో అదే జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్ ఒకతను జీతం లేక, అద్దె కట్టలేక గుడారంలో ఉంటున్నాడని పేపర్లలో వచ్చింది. నాకు మా మేనమామ సాయం ఉంది, సరిహద్దు దాటి ఫ్రాన్స్ వైపు చవగ్గా ఒక గది దొరికింది. ఆ రెండూ లేని వాళ్ల పొలాల గురించి, ఆ రెండూ ఉన్నవాళ్లం నోట్సు రాసుకుంటాం.

2022 ఆగస్టులో, బాస్మతిలో అవశేషాలు తగ్గించాలని పంజాబ్ ప్రభుత్వం పది మందుల అమ్మకాన్ని 60 రోజులు ఆపింది. అందులో ట్రైసైక్లజోల్ ఉంది. నెల తిరక్కుండా నాన్న ఫోన్ చేశారు.

“అమ్మా, అగ్గితెగులు మందు బందయిపోయిందంట గదా?”

“ఎవరన్నారు నాన్నా?”

“కొట్టాయన.”

“ఆయనకెవరు చెప్పారంట?”

“ఏమో, పైనుంచి వచ్చిందంట. ఇంకోటేదో ఇచ్చాడు, డబుల్ రేటు.”

బాస్మతి, పంజాబ్, 60 రోజులు. మూడూ దారిలో ఎక్కడో రాలిపోయాయి. ‘అంట’ ఒక్కటే భద్రంగా బాపట్ల చేరింది. కొత్త డబ్బా మీద పేరేముందో చదవమన్నాను. కళ్లజోడు తెచ్చుకోడానికి లోపలికి వెళ్లారు.