తెలుగు సాహిత్యంలో శునకం: నిరపరాధ దండన, శరణాగతి, జాతి

సారాంశం

ఆశ్రయం లేని జంతువులకు ఇల్లు కల్పించడం, అనవసరమైన కారుణ్య మరణాలను నివారించడం నేడు న్యాయస్థానాల్లోనూ పత్రికల్లోనూ చర్చకు వస్తున్న అంశాలు. ఈ చర్చకు మూలమైన భావనలు తెలుగు సాహిత్యంలో ఏ రూపంలో ఉన్నాయో నన్నయ ఆదిపర్వం, తిక్కన మహాప్రస్థానికపర్వం, పతంజలి 'వీరబొబ్బిలి' ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సరమ, శరణాగతి, వీరబొబ్బిలి, రాజాం, దత్తత, కారుణ్య మరణం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సామెతల్లో కుక్కకు గౌరవస్థానం లేదు. తోక వంకర, కాటుకు చెప్పుదెబ్బ, అందలమెక్కినా మారని బుద్ధి - ఇలా లోకోక్తి దానిని నిందకు ఉపమానంగానే వాడుకున్నది. విశ్వాసానికి ప్రతీకగా పొగిడే సందర్భాలున్నా, ఆ పొగడ్త యజమానికి అది చేసే సేవకు దక్కినదే. యజమాని లేని కుక్కకు విలువ ఉన్నదా అనే ప్రశ్న సామెతలో తలెత్తదు. ఆ ప్రశ్నను లేవనెత్తినది భారతం.

2. సరమ ప్రశ్న

ఆంధ్రమహాభారతంలో ఆదిపర్వారంభంలోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ములు శ్రుతసేన, భీమసేన, ఉగ్రసేనులు కొడతారు. అది ఏడుస్తూ తల్లితో చెప్పుకుంటుంది. దేవశునియైన సరమ నేరుగా రాజు వద్దకు వచ్చి నిలదీస్తుంది. యుక్తాయుక్త విచారణ లేక బలహీనులకు కీడు చేసేవారికి కారణం లేకుండానే భయాలు వచ్చిపడతాయని హెచ్చరిస్తుంది.

ఈ ఘట్టంలో విమర్శకులు గమనించవలసిన అంశం ఒకటున్నది. సరమ జాలి చూపమని వేడుకోలేదు. తన బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. ఆమెది దయాభిక్ష కాదు, న్యాయవాదం. దండనకు ముందు విచారణ ఉండాలన్నదే ఆమె మాటలోని సారం. 'అనవసర' మరణం అన్నప్పుడు ఆ విశేషణానికి పునాది ఇదే. జబ్బు లేని, కరవని జంతువును స్థలం చాలదనో సంఖ్య పెరిగిందనో చంపడం నిరపరాధ దండనే అవుతుంది.

3. ధర్మరాజు నిరాకరణ

తిక్కన రచించిన మహాప్రస్థానికపర్వంలో భారతం మళ్ళీ కుక్క వద్దకు చేరుతుంది. తమ్ములూ ద్రౌపదీ పడిపోయిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది శునకమే. దానిని విడిచి రథమెక్కమన్న ఇంద్రుని మాటను ఆయన అంగీకరించడు. ఆ కుక్క ఆయన పెంచినది కాదు, వెంట నడిచినది మాత్రమే. నడిచి వచ్చినంత మాత్రాన అది ఆశ్రితమైనది. ఆశ్రితత్యాగం పాపమన్నదే ఆయన వాదం.

సరమ ఘట్టం చేయకూడనిదేమిటో చెబితే, ఈ ఘట్టం చేయవలసినదేమిటో చెబుతుంది. కొట్టకుండా ఉండటం న్యాయం, విడిచిపెట్టకుండా ఉండటం శరణం. కుక్కపిల్లను ఇష్టపడి తెచ్చి, పెరిగాక బరువనిపించి వీధిలో వదిలేసే నేటి నాగరిక గృహస్థు ఈ రెండవ ధర్మంలోనే ఓడిపోతున్నాడు.

4. వీరబొబ్బిలి: పేరూ జాతీ

విజయనగరం ప్రాంతంలోని అలమండకు చెందిన కె.ఎన్.వై. పతంజలి (1952-2009) నవల 'వీరబొబ్బిలి'లో ఆ పేరు రాజుల లోగిలిలోని కుక్కది. ఉత్తరాంధ్ర పాఠకునికి ఆ పేరు 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధాన్ని, ఆ సమయంలో రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుణ్ణి స్ఫురింపజేస్తుంది. వీరగాథగా పాడుకున్న పేరును కుక్కకు పెట్టడం కీర్తా, ఎగతాళా అన్న సందిగ్ధంలోనే పతంజలి వ్యంగ్యం ఉన్నది. మనుషుల వంశాభిమానం కుక్క మెడకు పట్టీ అయింది.

తెలుగులో 'జాతి' అనే మాట మనుషులకూ కుక్కలకూ ఒకటే. 'జాతికుక్క', 'ఊరకుక్క' అన్న విభజన శాస్త్రీయ వర్గీకరణ మాత్రమే కాదు, సామాజిక శ్రేణి కూడా. వేలు పోసి జాతికుక్కను కొనే ఇంట ఊరకుక్కకు చోటు దొరకదు. ఆశ్రయ కేంద్రాల్లోని జంతువులకు ఇళ్ళు దొరకకపోవడానికి పేదరికం కంటే ఈ జాతిభావనే పెద్ద అడ్డంకి అనుకోవడానికి పతంజలి వ్యంగ్యం తావిస్తున్నది.

5. 'కారుణ్య మరణం': పదం, చట్టం

'చచ్చు' అకర్మకం, 'చంపు' సకర్మకం. 'మరణం' అన్నప్పుడు చంపినవాడు వాక్యంలో కనిపించడు. దానికి 'కారుణ్య' చేరితే క్రియ పుణ్యంగా మారుతుంది. బాధ తీరని జంతువు విషయంలో ఆ పదం సార్థకమే. ఆరోగ్యంగా ఉన్న జంతువును చంపి ఇదే పేరు పెడితే అది పద దుర్వినియోగం.

చట్టం ఈ భేదాన్ని స్పష్టంగా పాటించింది. జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడవాలి. నయంకాని వ్యాధి, ప్రాణాంతక గాయం ఉన్నవాటికే కారుణ్య మరణం అనుమతిస్తారు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ ప్రాంత వీధికుక్కలన్నిటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలన్నది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించి, రేబిస్ సోకినవి, సోకిందని అనుమానమున్నవి, దూకుడు స్వభావం గలవి తప్ప మిగిలినవాటిని పట్టిన చోటనే విడవమన్నది. జంతుప్రేమికులు దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చునని, తీసుకున్న కుక్క మళ్ళీ వీధికి రాకుండా చూడటం వారి బాధ్యత అని కూడా చెప్పింది. ఈ షరతులో ధర్మరాజు నిరాకరణే చట్టభాషలో వినిపిస్తుంది.

6. ప్రతివాదం

సాహిత్య కరుణకు ఒక పరిమితి ఉన్నది. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా భారతదేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు కనిపించాక ఆ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కుక్కకాటుకు గురైన పసివాడూ సారమేయునిలా నిరపరాధే. వాడి తల్లి అడిగే ప్రశ్న కూడా సరమ ప్రశ్నే. జంతుకారుణ్యాన్ని సమర్థించే విమర్శ ఈ రెండవ తల్లిని విస్మరిస్తే సరమను సగమే చదివినట్లు. రెండు ప్రశ్నలూ చేరవలసినది ఒకే చోటికి, పాలకుని వద్దకు. సరమ తన బిడ్డను కొట్టినవారితో వాదించలేదు, జనమేజయుని నిలదీసింది. టీకా, శస్త్రచికిత్స, ఆశ్రయం స్థానిక సంస్థల బాధ్యతలు. రాజాం వంటి చిన్న పట్టణాల్లో ఈ బాధ్యత నెరవేరితేనే కరుణ, భద్రత పరస్పర విరోధులు కాకుండా ఉంటాయి.

7. ముగింపు

సరమ వృత్తాంతం విచారణ లేని దండనను ఖండించింది. మహాప్రస్థానం ఆశ్రితుణ్ణి విడవరాదన్నది. 'వీరబొబ్బిలి' పేరుకూ జాతికీ మనుషులిచ్చే విలువను నవ్వులపాలు చేసింది. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడు దత్తత అనేది జాలిపడి చేసే దానం కాదనీ, శరణిచ్చినవాడు చివరిదాకా మోయవలసిన బాధ్యత అనీ తేలుతున్నది. తెలుగులో జంతుసంబంధ సాహిత్యాన్ని ప్రతీకల పట్టికగా కాక న్యాయచింతనగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉన్నది.