మీటరు ఉన్న చోటి మాట

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే స్టాండింగ్ వేవ్ రేషియో. ట్రాన్స్‌సీవర్ (దీన్నే రిగ్ అంటారు) పంపిన పవర్‌ను యాంటెన్నా ఎంత పుచ్చుకుంది, ఎంత వెనక్కి తోసింది అన్న లెక్క ఇందులో ఉంటుంది. మొత్తం పుచ్చుకుంటే 1:1. ఏమీ పుచ్చుకోకపోతే ఆ అంకెకు అంతు ఉండదు. అమెచ్యూర్ రేడియో నడిపే హామ్‌లు యాంటెన్నా కట్టగానే మొదట చూసేది దీన్నే. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లను కలుపుకున్న శేరిలింగంపల్లి లాంటి చోట ఇది మరీ అవసరం. అక్కడ డాబా మీద నీళ్ల ట్యాంకులు, సోలార్ పలకలు, డీటీహెచ్ గొడుగులు, ఇనుప రెయిలింగులు వదిలిన సందులోనే తీగ కట్టుకోవాలి. పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం కోసిన తీగ ఆ ఇనుము మధ్య అదే కొలతకు పలకదు. కొలిచి సరిదిద్దక తప్పదు.

కేబుల్‌లో అల నిలబడడం ఎలా ఉంటుందో దుర్గం చెరువు ఒడ్డున చూడవచ్చు. మెల్లగా వాలిన మట్టి ఒడ్డుకు చేరిన అల అక్కడే ఇంకిపోతుంది. నిలువుగా ఉన్న రాతికి తగిలిన అల తిరిగి వస్తుంది. వెళ్లే అల, వచ్చే అల కలిసినచోట నీళ్లు ముందుకు సాగకుండా ఉన్నచోటే ఎగిసిపడుతుంటాయి. కొన్నిచోట్ల ఎగుడు ఎక్కువ, కొన్నిచోట్ల దాదాపు కదలికే ఉండదు. కేబుల్ పొడవునా వోల్టేజీ కూడా ఇలాగే ఉంటుంది. అత్యధిక వోల్టేజీని అత్యల్ప వోల్టేజీతో భాగిస్తే వచ్చేదే ఎస్‌డబ్ల్యూఆర్. హామ్‌లు వాడే కోయాక్స్ కేబుల్ 50 ఓమ్‌లది. చివరన 50 ఓమ్‌ల యాంటెన్నా ఉంటే అది మట్టి ఒడ్డు. కేబుల్ తెగినా, షార్ట్ అయినా నిలువు రాయి. ఇంట్లో టీవీకి వచ్చే ఆర్‌జీ-6 కేబుల్ 75 ఓమ్‌లది. 50 ఓమ్‌ల కేబుల్ చివర 75 ఓమ్‌ల రెసిస్టెన్స్ పెడితే నిష్పత్తి 1.5 వస్తుంది.

అంకెల అర్థం తెలిస్తే అనవసరమైన భయం పోతుంది. 1.5 ఉంటే తిరిగొచ్చే పవర్ 4 శాతం. 2 ఉంటే 11 శాతం. 3 ఉంటే 25 శాతం. తిరిగొచ్చినదంతా వృథా కాదు. రిగ్ దగ్గర తిరిగి వెనక్కి మళ్లి అందులో చాలా భాగం పైకే పోతుంది. నష్టమంతా ఆ రాకపోకల్లో కేబుల్ తినేదే. 7 మెగాహెర్ట్జ్ మీద 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ వాడుతుంటే, ఎస్‌డబ్ల్యూఆర్ 2 అయినంత మాత్రాన అదనంగా పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. అవతలి రిసీవర్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరులో ఒక్క గీతకు 6 డెసిబెళ్లు కావాలి కనుక ఆ తేడా ఎవరి చెవికీ అందదు. అయినా 2 దాటనివ్వకూడదని హామ్‌లు పట్టుబట్టడానికి కారణం రిగ్. తిరిగొచ్చే పవర్ ఎక్కువైతే ఫైనల్ ట్రాన్సిస్టర్ల మీద ఒత్తిడి పడుతుంది. వాటిని కాపాడుకోవడానికి రిగ్ తానే పవర్ తగ్గించేసుకుంటుంది.

వెళ్లేదాన్నీ వచ్చేదాన్నీ రిగ్ ఎలా విడదీస్తుందన్నది చక్కటి ఇంజినీరింగ్. కాలిన్స్ రేడియోలో పనిచేసిన వారెన్ బ్రూనీ 1959లో ప్రచురించిన సర్క్యూట్ ఇప్పటికీ చాలా మీటర్లకు మూలం. కేబుల్ నడిమి తీగను చిన్న ఫెర్రైట్ రింగు గుండా దూరుస్తారు. రింగు మీద చుట్టిన చుట్టలో కరెంటు నమూనా దొరుకుతుంది. రెండు కెపాసిటర్లు వోల్టేజీ నమూనా ఇస్తాయి. రెండూ కలిస్తే వెళ్లే అల, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే వచ్చే అల. వాటిని డయోడ్లు డీసీగా మార్చి మీటరుకు అందిస్తాయి. డయోడ్ మేలుకోవడానికి కొంత వోల్టేజీ కావాలి. అందుకే పవర్ మరీ తక్కువైతే తిరిగొచ్చే కొద్దిపాటి సిగ్నల్‌కు ముల్లు లేవదు, ఉన్నదానికన్నా మంచి అంకె కనిపిస్తుంది.

కొలిచేటప్పుడు వరస తప్పకూడదు. రిగ్‌లోని యాంటెన్నా ట్యూనర్‌ను ముందు ఆపేయాలి. అది పనిచేస్తుంటే మీటరు చూపేది ట్యూనర్ సర్దిన అంకె, యాంటెన్నాది కాదు. తర్వాత ఫ్రీక్వెన్సీ మీద కాసేపు వినాలి. ఎవరూ లేరనిపించినా, ఎవరైనా వాడుతున్నారా అని అడిగి, తన కాల్‌సైన్ చెప్పాలి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన లైసెన్సు లేనివారు ప్రసారం మొదలుపెట్టే పీటీటీ మీట నొక్కనే కూడదు. ఎస్‌ఎస్‌బీ అనే మోడ్‌లో మాట ఉన్నప్పుడే పవర్ ఉంటుంది కనుక ముల్లు ఊగిసలాడుతుంది. సీడబ్ల్యూ, ఆర్‌టీటీవై, ఏఎం, ఎఫ్‌ఎం మోడ్‌లలో ఏదో ఒకటి పెడితే నిలకడైన క్యారియర్ దొరుకుతుంది. రిగ్‌తో వచ్చిన పుస్తకంలో కొలతకు చెప్పిన పవర్‌కే తగ్గించుకుని, మూడు నాలుగు సెకన్లు నొక్కి, చూసి, వదలాలి. పాత తరహా విడి మీటరు అయితే ముందు ఫార్వర్డ్ వైపు మీట పెట్టి, క్యాల్ నాబ్‌తో ముల్లును చివరి గీతకు తెచ్చి, ఆ తర్వాత రిఫ్లెక్టెడ్ వైపు మార్చి చదవాలి. పవర్ మారినా, బ్యాండ్ మారినా ఈ సర్దుబాటు మళ్లీ చేసుకోవాలి. క్యారియర్ ఉన్నంతసేపూ డాబా మీద ఎవరూ తీగ ముట్టుకోకుండా చూడడం కొలిచేవారి బాధ్యత.

ఒక్క కొలత ఏమీ చెప్పదు. బ్యాండ్ మొదట్లో, మధ్యలో, చివర్లో కనీసం మూడు తీసుకోవాలి. మన దేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. ఈ బ్యాండ్‌కు రెండు చేతుల తీగ యాంటెన్నా, అంటే సగం వేవ్ డైపోల్, పొడవు మీటర్లలో, 142.5ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 7.1కి సుమారు 20 మీటర్లు, ఒక్కో చేయి పది. ట్యాంకు మీద పైపు నిలబెట్టి, మధ్యభాగం పైకి, చివరలు కిందికి వచ్చేలా ఇన్వర్టెడ్ వీగా దించితే చిన్న డాబాలోనూ ఇముడుతుంది. విశాలమైన ఆకాశంలో 73 ఓమ్‌లుండే డైపోల్, ఇలా వంగినప్పుడు 50 వైపు దిగుతుంది.

తీగ మొత్తం 20.5 మీటర్లు కట్టారనుకుందాం. 7.010 దగ్గర 1.4, 7.100 దగ్గర 1.8, 7.190 దగ్గర 2.4 వచ్చాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అంకె పెరుగుతోందంటే తీగ పొడవు ఎక్కువైందన్నమాట. అది పలికే చోటు బ్యాండ్‌కు కింద, 7.000కు ఆవల ఉంది. అక్కడ ట్రాన్స్‌మిట్ చేయడం లైసెన్సుకు విరుద్ధం కనుక రిగ్‌తో ఆ చోటు వెతకకూడదు. రెండు చివరలా పది సెంటీమీటర్ల చొప్పున తగ్గించి మళ్లీ మూడు చోట్లా చూడాలి. ఒకవేళ అతి చిన్న సిగ్నల్‌తో కొలిచే యాంటెన్నా ఎనలైజర్ ఉండి, కనిష్ఠం 6.95 దగ్గర ఉందని చెబితే లెక్క సూటిగా దొరుకుతుంది. 20.5ను 6.95తో గుణించి 7.1తో భాగిస్తే 20.07. అంటే మొత్తం 43 సెంటీమీటర్లు, ఒక్కో వైపు సుమారు 21 తగ్గాలి. వెంటనే కత్తెర పెట్టకూడదు. చివరను వెనక్కి మడిచి అదే తీగకు గట్టిగా చుట్టి కొలవాలి. కుదిరాక మాత్రమే కోయాలి. మడిచిన తీగను విప్పుకోవచ్చు, కోసిన తీగ తిరిగి రాదు.

2 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర, చేయి ఇంకా జాగ్రత్తగా కదలాలి. 40 మీటర్ల డైపోల్‌లో ఒక సెంటీమీటరు తీసేస్తే పలికే చోటు మూడున్నర కిలోహెర్ట్జ్ మాత్రమే జరుగుతుంది. 2 మీటర్ల బ్యాండ్‌లో క్వార్టర్ వేవ్ కడ్డీ పొడవే 49 సెంటీమీటర్లు. అందులో ఒక సెంటీమీటరు కోస్తే సుమారు 3 మెగాహెర్ట్జ్ జరిగిపోతుంది. ఆ బ్యాండ్ మొత్తం వెడల్పే 2 మెగాహెర్ట్జ్. అక్కడ కత్తెరకు బదులు ఆకురాయితో పని. 30 మెగాహెర్ట్జ్ వరకే చేసిన మీటరును ఈ బ్యాండ్‌లో నమ్మకూడదు.

మూడు అంకెల తీరే రోగం పట్టిస్తుంది. బ్యాండ్ మొదటి నుంచి చివరికి తగ్గుతూ పోతే తీగ పొట్టి. మధ్యలో తగ్గి రెండు వైపులా పెరిగితే సరిగ్గా ఉంది. ఎక్కడ చూసినా చాలా ఎక్కువే ఉంటే ముందు పీఎల్-259 కనెక్టర్‌ను అనుమానించాలి. టంకం పట్టని నడిమి తీగ, అల్లిక నుంచి జారి లోపలికి తగిలిన సన్నని వెంట్రుక లాంటి పోగు, ఈ రెండే చాలాసార్లు దొరుకుతాయి. కేబుల్ పొడవు మార్చగానే అంకె గణనీయంగా మారితే, కేబుల్ బయటి అల్లిక కూడా యాంటెన్నాలా పనిచేస్తోందని గుర్తు. డైపోల్ మధ్యలో ఆ అల్లిక మీది కరెంటును ఆపే బాలన్ పెట్టడమో, ఫెర్రైట్ రింగు మీద కేబుల్‌నే కొన్ని చుట్లు చుట్టడమో దీనికి మందు. తీగ స్లాబుకు మరీ దగ్గరైతే కాంక్రీటులోని ఇనుము వల్ల పలికే చోటు కిందికి జారుతుంది. మరో రెండు మీటర్లు పైకెత్తి కొలిస్తే ఆ సంగతి తేలిపోతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది మంచి అంకె. బ్యాండ్ పొడవునా కదలకుండా 1.2 దగ్గర నిలబడిన ముల్లు సంతోషపెట్టకూడదు, అనుమానం పుట్టించాలి. ఐదో అంతస్తు డాబా మీద 2 మీటర్ల యాంటెన్నా, కింది అంతస్తులో రిగ్, మధ్యలో 15 మీటర్ల ఆర్‌జీ-58 ఉందనుకుందాం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కేబుల్ సుమారు 3 డెసిబెళ్లు, అంటే సగం పవర్, మింగేస్తుంది. గాలికి యాంటెన్నా ఊడి కిందపడింది. పైన కేబుల్ చివర ఖాళీ. పైకి చేరిన సగం పవర్ మొత్తంగా తిరిగొస్తుంది, దారిలో మళ్లీ సగమవుతుంది. మీటరుకు చేరేది పావు వంతు. అంతు లేకుండా ఉండాల్సిన నిష్పత్తి కింద 3 అని కనిపిస్తుంది. యాంటెన్నా దగ్గర నిజంగా 3 ఉంటే కింద 1.7 లోపే కనిపించి, పర్వాలేదనిపిస్తుంది. మీటరు అబద్ధం చెప్పలేదు. తానున్న చోటి మాట చెప్పింది. యాంటెన్నా మాట కావాలంటే మీటరును యాంటెన్నా దగ్గరికి తీసుకుపోవాలి, లేదా కేబుల్ నష్టాన్ని లెక్కలో కలుపుకోవాలి. వానాకాలంలో కనెక్టర్ గుండా నీరు దిగిన కేబుల్ కూడా ఇలాగే పవర్ తాగేస్తూ ఎస్‌డబ్ల్యూఆర్‌ను అందంగా చూపిస్తుంది.

తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ ఉంటే యాంటెన్నా బాగా ప్రసరిస్తుందని కూడా కాదు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ 1:1 చూపిస్తుంది, పవర్ మొత్తాన్ని వేడిగా మారుస్తుంది, పక్క వీధికి కూడా వినిపించదు. అందుకే కొలత మొదలుపెట్టేముందు డమ్మీ లోడ్ తగిలించి మీటరు 1 చూపుతోందో లేదో సరిచూసుకోవడం మంచి అలవాటు. మీటరు సంగతి తేలాకే యాంటెన్నా సంగతి.

ఈ విద్యకు హైదరాబాద్‌లో పునాది ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఈ నగరంలోనే పుట్టింది. బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ సర్క్యూట్‌ను రూపొందించి, ఎవరైనా ఇంట్లో చేసుకునేలా ప్రపంచానికి పంచిపెట్టిన అష్‌హర్ ఫర్హాన్ హైదరాబాదీయే. ఆయన కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. ఆర్డుయినో నానో బోర్డు చుట్టూ ఆంట్యుయినో అనే కొలత పరికరాన్ని కూడా ఆయనే తయారుచేశారు. రిగ్‌లా వాట్లు పంపకుండా, అతి చిన్న సిగ్నల్‌తో ఒక చివర నుంచి మరో చివర దాకా ఎస్‌డబ్ల్యూఆర్ గీత గీసి చూపిస్తుంది. రిగ్ పనిచేసే పవర్ దగ్గర సంగతి రిగ్ చెబుతుంది. బ్యాండ్ వెలుపల ఏముందో ఎనలైజర్ చెబుతుంది. రెండూ ఒకదానికొకటి తోడు.

కొలిచి సిద్ధంగా ఉంచిన యాంటెన్నా విలువ 2004 డిసెంబర్‌లో తెలిసింది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతోంది. 26న సునామీ వచ్చి మామూలు సమాచార సంబంధాలు తెగిపోయాయి. అభిరుచి కోసం కట్టిన అవే యాంటెన్నాల మీదుగా క్షేమసమాచారాలు బయటికి వచ్చాయి. ఆపద వచ్చాక తీగ కొలుచుకునే తీరిక ఉండదు.

కాబట్టి కొలిచిన ప్రతిసారీ తేదీ, ఫ్రీక్వెన్సీ, పవర్, మూడు అంకెలు లాగ్ పుస్తకంలో రాసుకోవాలి. వానలకు ముందొకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి అవే ఫ్రీక్వెన్సీల మీద చూడాలి. పెరిగిన అంకె తుప్పునో, తెగిన పోగునో చూపుతుంది. కారణం లేకుండా తగ్గిన అంకె కేబుల్‌లోకి దిగిన నీటిని చూపుతుంది. రెండింటిలో ఏది కనిపించినా కనెక్టర్ విప్పి, ఆరబెట్టి, టంకం సరిచూసి, రబ్బరు టేపు చుట్టి మళ్లీ కొలవాలి. నిరుటి అంకెలే వస్తే యాంటెన్నాను ముట్టుకోనక్కర్లేదు.